ఒఫీలియా ప్రింట్ వచ్చింది, పిట్ట రాలేదు

షాపు పేరు చెప్పను గానీ, ఆన్‌లైన్‌లో పాత పెయింటింగ్స్ ప్రింట్లు అమ్మేవాళ్ళ దగ్గర రెండు తెప్పించా, మిల్లే వేసిన ఒఫీలియా ఒకటి, వాటర్‌హౌస్ లేడీ ఆఫ్ షాలట్ ఒకటి. రెండూ కలిపి 3,800, పటం కట్టించిన ఖర్చు వేరే. ఒకటి సూపర్, ఇంకోటి శుద్ధ దండగ.

దండగది ముందు చెప్తా, ఒఫీలియా. అక్క దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు టేట్ బ్రిటన్ మ్యూజియంలో ఒరిజినల్ చూశా. మరీ పెద్దదేం కాదు, 112 సెంటీమీటర్ల వెడల్పు, 76 ఎత్తు, పై మూలలు రెండూ కమానులా గుండ్రంగా ఉంటాయి. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో ఒఫీలియా నీళ్ళలో పడటం స్టేజీ మీద చూపించరు కదా, నాలుగో అంకంలో రాణి వచ్చి చెప్తుంది అంతే. ఆ చెప్పిన మాటలు పట్టుకుని మిల్లే 1851లో సర్రేలో హాగ్స్‌మిల్ ఏటి ఒడ్డున దాదాపు ఐదు నెలలు కూర్చుని ఆకు ఆకూ చూసి వేశాడు. మనిషిని మాత్రం తర్వాత లండన్‌లో, చలికాలంలో. ఎలిజబెత్ సిడాల్ అని 22 ఏళ్ళ అమ్మాయి, వెండి జరీ కుట్టిన పాత గౌను వేసి (నాలుగు పౌన్లకి కొన్నాడట) నీళ్ళ టబ్బులో పడుకోబెట్టాడు, కింద దీపాలు పెట్టి నీళ్ళు వెచ్చగా ఉంచేవాడు, ఓసారి అవి ఆరిపోయినా ఈయన బొమ్మలో మునిగి చూసుకోలేదు, ఆ పిల్ల నోరెత్తలేదు, జబ్బు పడింది, వాళ్ళ నాన్న డాక్టర్ ఖర్చులు కట్టమని గొడవ.

అంత కష్టపడి వేసిన బొమ్మ నాకు పాలకూర పప్పులా వచ్చింది. గౌను ఎక్కడ అయిపోయిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలీదు. చెయ్యి దగ్గర ఎర్ర పాపీ ఉంటుంది, మన గసగసాల జాతి పువ్వే, చావుకి గుర్తుగా పెట్టింది, అది కాస్తా బ్రౌన్ మచ్చ. పైగా కమాను కనపడకుండా జూమ్ చేసి అంచులు కోసేశారు, ఎడమవైపు పైన కొమ్మ మీద రాబిన్ పిట్ట ఉండాలి, పిట్టే లేదు! అడిగితే "సైజుకి అడ్జస్ట్ చేశాం మేడమ్" అట.

షాలట్ మాత్రం బాగా వచ్చింది. ఇంగ్లీష్ కవి టెన్నిసన్ పద్యంలో అమ్మాయి, లోకాన్ని అద్దంలోనే చూడాలని శాపం, ఆగలేక కిటికీలోంచి చూసేసింది, ఇక పడవెక్కి పోతోంది. బొమ్మ 1888 నాటిది, ఒరిజినల్ రెండు మీటర్ల వెడల్పు. మూడు కొవ్వొత్తుల్లో రెండు ఆరిపోయి ఒక్కటే మిగిలింది, ఆ చిన్న మంట కూడా ప్రింట్‌లో చక్కగా తెలుస్తోంది. నాకేమనిపించిందంటే వాటర్‌హౌస్ కుంచె కొంచెం వదులుగా ఆడిస్తాడు, అందుకే చిన్నది చేసినా బొమ్మ నిలబడింది, మిల్లేది చిన్న గీత పోయినా మొత్తం పోయినట్టే.

ఒఫీలియా కొనేవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు కమానుతో సహా ఫుల్ ఫోటో పంపమనండి, పిట్ట ఉందో లేదో చూడండి. నాకైతే సగం డబ్బులు వెనక్కిచ్చారు. పటం ప్రస్తుతం బీరువా వెనక ఉంది, అమ్మ హ్యాపీ, "నీళ్ళలో పడిపోయే పిల్ల బొమ్మ నట్టింట్లో ఏంటే" అని మొదట్నుంచీ గోల.