ముజోకో సమీక్ష: తాకిడి మెత్తనిదని తెలిస్తే సగం తలనొప్పి పోతుంది

రోబోల కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టే భౌతిక సిమ్యులేటర్ ముజోకోలో డబ్బాను నేల మీద పెడితే అది మిల్లీమీటరులో కొంత భాగం నేలలోకి దిగి నిలబడుతుంది. బగ్ కాదు, ఇంజిన్‌ను కట్టిందే అలా. తాకిడి బలాలను కాన్వెక్స్ ఆప్టిమైజేషన్‌గా (కచ్చితమైన కనిష్ఠం వెతికే గణిత సమస్యగా) మార్చి లెక్కగడుతుంది. హ్యూమనాయిడ్ (మనిషి ఆకారపు రోబో) సిమ్యులేషన్ కూడా ఒక్క సీపీయూ కోర్ మీద నిజకాలం కంటే ఎన్నో రెట్లు వేగంగా నడవడానికి ఇదొక కారణం. ఏళ్ల వాడకం తర్వాత నా అంచనా: దీని మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మెత్తదనం తెలియక పుట్టినవే.

పట్టు జారడమే చూడండి. గ్రిప్పర్ (రోబో పట్టుచెయ్యి) కప్పును పట్టి లేపుతుంది, చూస్తూండగానే కప్పు వేళ్ల మధ్య నుంచి మెల్లగా దిగిపోతుంది. వెంటనే అందరూ ఫ్రిక్షన్ (ఘర్షణ) విలువను 1 నుంచి 5కి పెంచుతారు. జారుడు ఆగదు, ఎందుకంటే లోటు ఘర్షణలో లేదు, ఘర్షణ కట్టుబాటు కూడా మెత్తనిదే కావడంలో ఉంది. సెట్టింగుల్లో కోన్‌ను (ఘర్షణ హద్దు ఆకారాన్ని) పిరమిడల్ నుంచి ఎలిప్టిక్‌కు మార్చి, ఘర్షణ కట్టుబాటును గట్టిచేసే ఇంప్‌రేషియో 10 పెట్టి, సాల్వర్‌ను (బలాలను లెక్కగట్టే పద్ధతిని) న్యూటన్‌లోనే ఉంచండి. కప్పు వేళ్ల మధ్య గిరగిరా తిరుగుతుంటే తాకిడి ఎన్ని దిశల్లో అడ్డుకోవాలో చెప్పే కాన్‌డిమ్ 3 బదులు 4 ఇవ్వండి, మెలితిప్పుడుకూ ఘర్షణ వస్తుంది. అప్పటికీ లొంగకపోతేనే నోస్లిప్ ఇటరేషన్లు (జారుడును అణచే అదనపు లెక్క).

తాకిడి గట్టిపడాలంటే సాల్‌రెఫ్ అనే సెట్టింగులోని మొదటి అంకె (తాకిడి ఎంత త్వరగా సర్దుకోవాలో చెప్పే కాలం) తగ్గించాలి. డిఫాల్ట్ 0.02 సెకన్లు. అయితే అది టైమ్‌స్టెప్‌కు (ఒక్కో లెక్క ముందుకు జరిపే కాలానికి) రెండింతల కంటే తగ్గకూడదు. టైమ్‌స్టెప్ 0.002 ఉండగా 0.001 అని రాస్తే ఇంజిన్ మీకు చెప్పకుండానే 0.004 దగ్గర ఆపేస్తుంది. ఇంకా గట్టితనం కావాలంటే ముందు టైమ్‌స్టెప్ తగ్గించక తప్పదు.

కీళ్ల విషయంలో దీనికి వంక పెట్టలేను. లెక్కంతా కీలు కోణాల్లోనే కాబట్టి లింకులు (కీళ్ల మధ్య భాగాలు) ఊడి రావు. ఫోర్‌బార్ (నాలుగు కడ్డీల వలయం) లాంటి మూసిన గొలుసుల్లో చివరలను కలిపే కనెక్ట్ కట్టుబాటు మాత్రం కాస్త సాగుతుంది.

యూఆర్‌డీఎఫ్ (రోబో నిర్మాణాన్ని వర్ణించే ఫైలు) తెచ్చుకునేటప్పుడే అసలు తిప్పలు. మెష్‌ను (త్రిభుజాలతో అల్లిన 3డీ ఆకారాన్ని) తాకిడికి వాడితే దాని కాన్వెక్స్ హల్‌నే, అంటే గుంతలు పూడ్చిన బయటి తొడుగునే, చూస్తుంది. అందుకే కప్పులో వేసిన గోలీ అడుగుకు చేరదు, అంచుల మధ్య కనిపించని మూత మీద ఆగిపోతుంది. వ్యూయర్‌లో హెచ్ నొక్కితే ఆ మూత బయటపడుతుంది. కప్పు గోడను ఎనిమిది పన్నెండు బాక్సులతో కట్టండి, లేదా కోఏసీడీ అనే సాధనంతో మెష్‌ను గుంతలు లేని ముక్కలు చేయండి.

రెండోది కొలత. ఎస్‌టీఎల్ (3డీ ఆకారం ఫైలు) మిల్లీమీటర్లలో ఉండి స్కేల్ 0.001 ఇవ్వడం మరిస్తే పది సెంటీమీటర్ల ఘనం వంద మీటర్లదవుతుంది. డిఫాల్ట్ సాంద్రత ఘనమీటరుకు 1000 కిలోలతో కిలో ఉండాల్సింది వంద కోట్ల కిలోలు! ఐ నొక్కి ఇనర్షియా (జడత్వం) చూపే పెట్టెలు లింకుల ఆకారానికి సరిపోతున్నాయో లేదో మొదటి రోజే చూసుకోవాలి.

క్యూఏసీసీలో (కీళ్ల త్వరణాల్లో) నాన్ (లెక్క చెడి అంకె కానిది) అంటూ హెచ్చరిక వచ్చి రోబో ఎగిరిపోతే ముందు ఆర్మేచర్ (మోటారు వల్ల కీలుకు చేరే అదనపు జడత్వం) చూడండి. డిఫాల్ట్ సున్నా. రోటర్ (మోటారులో తిరిగే భాగం) ఇనర్షియాను గేర్ నిష్పత్తి వర్గంతో హెచ్చించి రాయాలి: రోటర్‌ది 0.00001, గేర్ 100 అయితే 0.1. చిన్న మణికట్టు కీలుకు లింకు ఇనర్షియా కంటే ఇదే ఎక్కువ. దీన్ని వదిలేసి కేపీ (కంట్రోలర్ గట్టితనం) తగ్గిస్తూ కూర్చుంటే కంట్రోలర్ నిజం రోబో మీద పనికిరాదు. ఇంటిగ్రేటర్‌ను (కదలికను కాలంలో ముందుకు జరిపే పద్ధతిని) ఆయిలర్ నుంచి ఇంప్లిసిట్‌ఫాస్ట్‌కు మార్చడమూ మేలే.

ఇంకో చిన్న ఉచ్చు: క్వాటర్నియన్‌లో (వస్తువు తిరిగిన దిశను చెప్పే నాలుగు అంకెల్లో) ఇక్కడ డబ్ల్యూ ముందు వస్తుంది, రోబోల సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్‌లో చివర.

2022 నుంచి అపాచీ 2.0 లైసెన్సు కింద సోర్స్ అంతా తెరిచే ఉంది. సందేహం వస్తే సాల్వర్ కోడ్‌నే చదువుకోవచ్చు, నాకు అన్నిటికంటే విలువైనది అదే. ఎంజేఎక్స్ (ముజోకో జీపీయూ రూపం) జోలికి మాత్రం సిమ్యులేషన్ వేల నకళ్లను జీపీయూ మీద ఒకేసారి నడపాల్సి వస్తేనే వెళ్లండి. ఒక్క రోబోకైతే మామూలు సీపీయూ ఇంజినే వేగం.