వంటింటి డిజిటల్ కాటా: ఆగిపోయిన బరువు విషయంలో దీర్ఘకాల వాడకం తర్వాత నా సమీక్ష

బరువు తగ్గడానికని అమ్మే పొడుల డబ్బాలు, నడుము బెల్టులు, చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ వాచీలు వంటి వాటి పక్కన పెట్టి చూస్తే వంటింటి డిజిటల్ కాటాకు ఎలాంటి ఆకర్షణా లేదు. పలుచటి పళ్ళెం, రెండు మీటలు, ఒక చిన్న అద్దం మీద అంకెలు, అంతే. అయిదు కిలోల వరకు తూచగలిగి, గ్రాము దాకా చూపించే అలాంటి కాటాను నేను రెండు వేసవులు దాటి వాడుతున్నాను. కేకులు చేయడానికి కాదు, నెలల తరబడి ఒకే అంకె దగ్గర నిలిచిపోయిన నా ఒంటి బరువుకు కారణమేమిటో తెలుసుకోవడానికి కొన్నాను. కనుక ఈ సమీక్ష కూడా ఆ పనికి అది ఎంతవరకు ఉపయోగపడిందన్న దాని గురించే.

అన్నం సగానికి తగ్గించి, పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టిన తొలి నెలల్లో నేను 86 కిలోల నుంచి 78కి దిగాను. ఆ తర్వాత సంక్రాంతి వెళ్ళి ఎండలు ముదిరేదాకా 78 కదలలేదు. తిండి పెంచలేదు, నడక మానలేదు. సలహాలకు మాత్రం లోటు లేకపోయింది. రాత్రి అన్నం పూర్తిగా మానేసి చోడి (రాగి) అంబలి తాగమని ఒకరు, వేడినీళ్ళలో నిమ్మరసం, తేనె కలుపుకోమని ఒకరు, పదహారు గంటలు ఏమీ తినవద్దని ఇంకొకరు, కైలాసగిరి నడిచి ఎక్కమని మా ఆఫీసులో ఒకాయన చెప్పారు. చోడి అంబలి కొన్నాళ్ళు తాగాను కూడా. రుచిగానే ఉంది, బరువు అక్కడే ఉంది.

బరువు ఇలా ఆగిపోవడానికి శరీరంలో నిజమైన కారణాలున్నాయి. కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించిన తొలి వారాల్లో ఈ రెండూ కలిసి పోతాయి కాబట్టి అప్పటి తగ్గుదల చూడటానికి ఘనంగా ఉంటుంది, తర్వాత ఆ వేగం ఎలాగూ ఉండదు. పైగా ఎనిమిది కిలోలు తగ్గిన ఒంటికి కూర్చున్నా నడిచినా మునుపటి కంటె తక్కువ శక్తి చాలు. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు కట్టిన లెక్క ప్రకారం ఒక పౌండు బరువుకు 3,500 కేలరీలు, అంటే కిలోకు సుమారు 7,700. ఈ సూత్రాన్ని పట్టుకుని రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే ఏడాది పొడవునా ఒకే వేగంతో తగ్గుతామని ఆశపడేవాళ్ళకు నిరాశ తప్పదు, ఎందుకంటే శరీరం తగ్గుతున్నకొద్దీ దాని ఖర్చు కూడా తగ్గుతుందన్న సంగతిని ఆ లెక్క పట్టించుకోదు.

అయితే ఈ కారణాలతోనే అంతా తేలదు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చదివాకనే నేను కాటా కొన్నాను. రోజుకు 1,200 కేలరీల కంటె తక్కువ తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పిన వాళ్ళను అందులో పరిశీలించారు. వాళ్ళ జీవక్రియ మందగించలేదని తేలింది. తినేదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి, శ్రమను 51 శాతం ఎక్కువ చేసి చెబుతున్నారని కూడా తేలింది. వాళ్ళు అబద్ధమాడుతున్నారని దీనికి అర్థం కాదు. కంటి అంచనా అంతదూరం తప్పగలదన్న మాట. అందరికీ ఒకే బాణలిలో కూర వండి, చేతి అలవాటుతో నూనె పోసే మన ఇళ్ళలో ఈ అంచనా ఇంకెంత తప్పుతుందో చూడాలనిపించింది.

నూనె తూచే పద్ధతి తేలిక. నూనె గిన్నెను కాటా మీద పెట్టి టేర్ మీట నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. కూరకు కావలసినంత బాణలిలో పోసి గిన్నెను తిరిగి పెడితే, పోసిన నూనె తూకం మైనస్ గుర్తుతో కనబడుతుంది. బెండకాయ వేపుడుకు అత్తయ్యగారు ఎప్పటిలాగే పోసిన నూనెకు మైనస్ 52 అని వచ్చింది. గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున 468, నలుగురం పంచుకుంటే తలకు 117. పప్పు తాలింపు, పులుసులోకి వేరే తాలింపు, పొద్దున పెసరట్టు చుట్టూ తిప్పిన నూనె, ఆవకాయ ముక్కతో పాటు విస్తట్లోకి వచ్చిన ఊట, ఇవన్నీ కలిపి చూస్తే నేను ఊహించుకున్న రెండు చెంచాల లెక్క ఎక్కడికో వెళ్ళిపోయింది. "బంగారం తూసినట్టు నూనె తూస్తున్నావేటమ్మా" అని అత్తయ్యగారు నవ్వారు గాని, ఆ 52ను చూశాక పోసే చెయ్యి ఆవిడదీ కాస్త వెనక్కి తగ్గింది.

ఒక మాట చెప్పాలి. ఇంటి మొత్తం నూనె లెక్కకు ఈ కాటా కూడా అక్కర్లేదు. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసే ఉంటుంది. అది నలుగురున్న ఇంట్లో అయిదు రోజులకు అయిపోతే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 45 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజువారీ భోజనానికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములే చూపారు. తేడా 18 గ్రాములు, అంటే రోజుకు 160 కేలరీలకు పైమాటే. నెల తిరిగేసరికి అరకిలోకు మించిన బరువుకు సరిపడే శక్తి నూనె రూపంలోనే లోపలికి వెళుతోందన్న మాట. ప్యాకెట్ విప్పిన తేదీని క్యాలెండర్ మీద రాసుకుంటే ఇది తెలిసిపోతుంది. కాటా చేసే పని దీని తర్వాత మొదలవుతుంది: ఆ నూనె ఏ వంటలో పోతోందో అది చూపిస్తుంది. మా ఇంట్లో పెద్ద దొంగ వేపుడు. పప్పుకూర, పులుసు అమాయకమైనవి. వారంలో వేపుళ్ళ సంఖ్య తగ్గించి, ముక్కలను ముందు మూతపెట్టి మగ్గించి చివర నూనె వేయడం మొదలుపెట్టాక 52 కాస్తా 25 దగ్గరకు వచ్చింది.

అన్నం సంగతి మరోలా ఉంది. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. మూడు హస్తాల (వడ్డించే గరిటెల) అన్నమే తింటున్నానని నేను చెప్పేదాంట్లో తప్పు లేదు, కాని అదే హస్తం ఒక పూట 90 గ్రాములు తూగితే, చేపల పులుసు ఉన్న పూట 140 తూగింది. మూడు హస్తాలకు తేడా దాదాపు 195 కేలరీలు. ఆరోగ్యానికి మంచివని సాయంత్రం పూట తినే పలాస జీడిపప్పు ఒక గుప్పెడు 35 గ్రాములుంది, 190 కేలరీలు. బీచ్ రోడ్డులో పొద్దున నడిచి ఖర్చు పెట్టింది సాయంత్రం గుప్పిట్లోకి తిరిగి వచ్చేది. ఇడ్లీలోకి వేసుకునే నూపొడి, దాని మీద పోసుకునే నెయ్యి కూడా ఈ కోవలోవే.

ఇక పరికరం మంచిచెడ్డలు. ఖచ్చితత్వం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములుంటుంది కాబట్టి పది నాణేలు పెడితే 77 రావాలి. అప్పుడప్పుడు 78 వస్తుంది, అంతకు మించి తేడా చూడలేదు. గట్టు బల్లపరుపుగా ఉండాలి, గుడ్డ మీద పెడితే తప్పు చూపిస్తుంది, వెడల్పాటి పళ్ళెం పెట్టినప్పుడు ఫ్యాను గాలికి అంకె ఊగుతుంది. ఇవి చిన్న విషయాలు.

విసిగించేవి రెండున్నాయి. ఒకటి, రెండు నిమిషాలు కదిలించకపోతే దానంతట అదే ఆగిపోవడం. నూనె పోసి, ఆవాలు చిటపటలాడేలోపు కరివేపాకు దూసి వేసి, గిన్నెను తిరిగి పెట్టబోయేసరికి కాటా నిద్రపోయి ఉంటుంది, టేర్ చేసిన లెక్క పోతుంది. అందుకని నేను గిన్నె మొత్తం తూకాన్ని ముందే ఒక చీటీ మీద రాసుకుని, తర్వాత తీసివేత చేసుకుంటున్నాను. రెండోది, నెయ్యి చుక్కలు చుక్కలుగానో, పొడి చిటికెలు చిటికెలుగానో వేస్తే చాలాసార్లు అంకె కదలదు. అంత చిన్న మార్పును అది లెక్కలోకి తీసుకోకుండా సున్నాగా సర్దేసుకుంటుంది. వేరే గిన్నెలోకి తీసి ఒక్కసారిగా పెడితే సరిగ్గా చూపిస్తుంది. బరువు తగ్గేవాళ్ళకు నెయ్యే ముఖ్యం కాబట్టి ఇది తెలియకపోతే కాటా ఉన్నా ప్రయోజనం ఉండదు.

విశాఖ వాళ్ళు తప్పనిసరిగా గమనించవలసింది సముద్రపు గాలి. బీచ్‌కు దగ్గరలో ఉన్న మా ఇంట్లో తాళం కప్పలే తుప్పు పడతాయి, ఈ కాటా ఎంత! మొదటిదాన్ని కొన్న ఏడాది లోపే బ్యాటరీ గూటిలో రేకుల మీద పచ్చటి పొర కట్టి, అంకెలు తమంతట తాము పాకడం మొదలైంది. వారంటీ ఉందని అమ్మినవాళ్ళను అడిగితే తేమ వల్ల చెడినదానికి వర్తించదన్నారు. తేమ లేని చోటు ఈ ఊళ్ళో ఎక్కడుంటుందో వాళ్ళే చెప్పాలి. ఇప్పుడు వాడుతున్నది రెండోది.

ఫలితం మాటకు వస్తే, నూనె, అన్నం, జీడిపప్పు ఈ మూడింటి తూకం పట్టుకున్నాక మూడో వారంలో 78 కదిలింది. ఆరు నెలలు దాటాక 72కు వచ్చాను. మధ్యలో మళ్ళీ ఆగింది, మళ్ళీ కదిలింది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు కనుక బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) ఇప్పటికీ 29 దగ్గర ఉంది. మనవాళ్ళకు 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్కిస్తారు కాబట్టి పని ఇంకా మిగిలే ఉంది. ఒంటి బరువు చూసుకోవడంలో ఒక్కరోజు అంకెను నమ్మకుండా వారం సగటు తీసుకోవడం ఈ ప్రయాణంలో కాటా అంతగానూ ఉపకరించింది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన మరునాడు నా బరువు కిలోకు పైగా పెరిగి కనబడింది. అలసిన కండరాలు నీరు పట్టడం వల్ల వచ్చిన పెరుగుదల అది, నాలుగు రోజుల్లో పోయింది. ఉప్పుచేప తిన్న మరునాడూ, నెలసరి ముందూ ఇదే తంతు. అలాంటి రోజుల్లో బెంబేలెత్తి తిండి మరింత తగ్గించేవాళ్ళను చూశాను. పప్పు, చేప, గుడ్డు వంటి మాంసకృత్తులను కోసేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఆగిన బరువు ఇంకా మొండికేస్తుంది.

అన్నిటినీ జీవితాంతం తూచవలసిన పని లేదు. తొలి నెల ప్రతి పూటా తూచాను. ఇప్పుడు నూనె, నెయ్యి, గింజలు మాత్రమే తూస్తున్నాను, అన్నానికి గీత గీసిన గిన్నె ఒకటి పెట్టుకున్నాను. కూరగాయలు, ఆకుకూరలు తూచడం శుద్ధ దండగ. బయటి తిండికి ఇది పనికిరాదు. పునుగులు ఎంత నూనె పీల్చాయో ఏ కాటా చెప్పలేదు.

తిండి విషయంలో ఇప్పటికే అతిగా భయపడేవాళ్ళు, ముద్ద ముద్దకూ లెక్క వేసుకుని బాధపడేవాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే మేలు. ఇన్సులిన్ లేదా మధుమేహం మాత్రలు వాడేవాళ్ళు అన్నం తూకం తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడాలి, లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నీరసం, చలి, జుట్టు రాలడం కూడా ఉంటే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

కొనదలచినవాళ్ళు ఐదారు వందల రూపాయల లోపు దొరికేవాటిలో బిళ్ళ బ్యాటరీది కాకుండా సన్న పెన్సిల్ బ్యాటరీలతో పనిచేసేది తీసుకోవడం మంచిది, కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. పళ్ళెం స్టీలుదైతే ఆవకాయ ఊట పడ్డా తుడిస్తే పోతుంది. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళు వాడకం లేని రోజుల్లో బ్యాటరీలు తీసి, కాటాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. నా రెండోది అలాగే ఉంటోంది, రేకుల మీద ఇంతవరకు పచ్చదనం రాలేదు.