ఐఐటీ మద్రాస్, సీఎంఐ, ఐఐఎస్సీ: ఏది మేలు?

మూడు చోట్లా చదువు కష్టమే, అయితే ఆ కష్టం ఒక్కోచోట ఒక్కో రకం. చేరేముందు ర్యాంకు, ప్యాకేజీల కంటే అది చూసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం. నేను ఐఐటీ మద్రాసులో చదివాను. నాతో ఇంటర్ చదివిన స్నేహితుడు చెన్నై దగ్గర సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కి (సీఎంఐ) వెళ్లాడు. మా పెదనాన్నగారి అమ్మాయి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో (ఐఐఎస్సీ) చేరింది. ఈ ఏడాది మా మేనల్లుడి వంతు. "మామయ్యా, నీకైతే ఏది బెటర్ అనిపిస్తుంది?" అని వాడు అడిగినప్పటి నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను.

ఐఐటీ మద్రాసులో పరుగు ఎక్కువ. సెమిస్టరుకు ఐదారు కోర్సులు, చాలావాటికి రెండేసి క్విజ్‌లు, ఆపైన ఎండ్‌సెమ్ (సెమిస్టరు చివరి పరీక్ష), మధ్యలో ల్యాబులు. ఒక చాప్టర్ ఒంటబట్టేలోపే ఇంకోటి మొదలైపోతుంది. బిట్లు చకచకా పెట్టడం అలవాటైన మన పిల్లలకు మొదటి సెమిస్టర్లో గట్టి దెబ్బే తగులుతుంది. పైగా క్లాసులో ఉన్న ప్రతివాడూ వాడి కాలేజీలో టాపరే. నన్ను గట్టెక్కించింది హాస్టలు. అక్కడ హాస్టళ్లకు గోదావరి, కావేరి, నర్మద అంటూ నదుల పేర్లు ఉంటాయి. క్విజ్ ముందు రాత్రి ఎవరో ఒకరి గది తలుపు తెరిచే ఉండేది. థర్మోడైనమిక్స్ ఒకరు చెబితే సర్క్యూట్లు ఇంకొకరు చెప్పేవారు. తెలియనిది నోరు విప్పి అడగడం నాకు అక్కడే వచ్చింది. ఇంజినీరింగ్ మీద ఇష్టం ఉండి, నలుగురితో కలిసి చదివే అలవాటు ఉన్నవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పే పేరు అదే.

సీఎంఐ తీరు పూర్తిగా వేరు. గణిత శాస్త్రవేత్త సి.ఎస్. శేషాద్రి చొరవతో 1989లో మొదలైన సంస్థ అది. క్యాంపస్ చిన్నది, విద్యార్థులూ తక్కువే. మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపి మూడేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఉంటుంది. అక్కడ అంతా రుజువు మీదే నడుస్తుంది. మొదటి ఏడాది మా స్నేహితుడు, సార్లు దిద్ది ఇచ్చిన తన అసైన్‌మెంట్ ఒకటి తెచ్చి చూపించాడు. రెండు పేజీల రుజువు, చక్కటి దస్తూరి. నాలుగో లైను పక్కన పెన్సిల్‌తో చిన్న గీత గీసి, "ఈ సెట్ ఖాళీ అయితే?" అని మాత్రం రాసి ఉంది. ఆ కిందున్నదంతా ఆ లైను మీదే నిలబడింది! వాడు మళ్లీ మొదటి నుంచి రాశాడు. ఒక్క లెక్కతో రోజంతా కూర్చోవడం హాయిగా అనిపించేవాళ్లే అక్కడ నిలుస్తారు. మిగతావాళ్లకు ఆ మూడేళ్లూ భారమే.

ఐఐఎస్సీ 1909 నుంచీ ఉన్నా, డిగ్రీ కోర్సు మొదలైంది 2011లోనే. నాలుగేళ్ల ఆ కోర్సులో మొదట్లో అందరూ మ్యాథ్స్, సైన్సులు అన్నీ చదవాలి. మా చెల్లి లీనియర్ ఆల్జీబ్రాతో కుస్తీ పట్టింది. ఎంపీసీ పిల్లలకు బయాలజీతో అదే పాట్లు. చివర్లో రీసెర్చ్ ప్రాజెక్టు ఉంటుంది. సైన్స్ ఇష్టమే కానీ ఏ సబ్జెక్టో ఇంకా తేల్చుకోనివాళ్లకు ఇది మేలు.

మా మేనల్లుడు సాయంత్రాలు జామెట్రీ ప్రాబ్లమ్స్ ముందేసుకుని అన్నం సంగతి కూడా మర్చిపోయే రకం. అందుకే నా ఓటు సీఎంఐకి. మా అక్కకు మాత్రం అది మింగుడు పడటం లేదు. "ఐఐటీ వదిలేసి బీఎస్సీ ఏంట్రా? రేపు సంబంధాలకు ఏం చెప్పుకోవాలి?" అంది. తన టెన్షన్ నాకు అర్థమవుతుంది. మన ఇళ్లలో బీఎస్సీ అంటే ఇంజినీరింగ్ రానివాళ్ల చదువనే అనుకుంటారు. కానీ సీఎంఐ నుంచి విదేశాల్లో పీహెచ్‌డీలకు వెళ్లినవాళ్లు ఎంతమందో ఉన్నారు. సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్ ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇష్టం లేని బ్రాంచిలో నాలుగేళ్లు నెట్టుకొచ్చిన తెలివైన పిల్లలను నేను దగ్గర నుంచి చూశాను. వాడికి ఆ గతి పట్టకూడదు.

జేఈఈకి, సీఎంఐ ఎంట్రన్స్‌కి రెండింటికీ కూర్చోమన్నాను. సీఎంఐ పాత పేపర్లు వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. వాటిలో వివరంగా రాయాల్సిన ప్రశ్న ఒకటి తీసుకుని, సొల్యూషన్ చూడకుండా ఒక ఆదివారమంతా దానితో కూర్చుని చూడమన్నాను. సాయంత్రానికి జవాబు రాకపోయినా ఇంకో ప్రశ్న చేయాలనిపిస్తే, అక్కకు నచ్చజెప్పే పూచీ నాది.