గ్యాస్ గీజరు పొగ: డాబా మీదికా, పక్క గోడలోంచా?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో గ్యాస్ గీజరు పెట్టించేవారు నీళ్లు ఎంతసేపట్లో వేడెక్కుతాయని అడుగుతారు. పొగ ఎటు పోతుందని అడిగేవారు తక్కువ. ఆ పొగలో రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు.

డాబా మీదికి పోయే నిలువు గొట్టం వేడిగాలి పైకి లేచే గుణంతోనే పనిచేస్తుంది. కరెంటు అక్కర్లేదు, కాలిపోయే మోటారూ లేదు. కానీ శ్లాబుకు రంధ్రం పడాలి, వానకు కారేది అక్కడే. తలుపులు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే పొగ తిరిగి గదిలోకే రావచ్చు.

పక్క గోడ పద్ధతిలో ఫ్యానే పొగను బయటికి నెడుతుంది. అపార్ట్‌మెంటు నడిమి అంతస్తుకు ఇదే వీలు. కరెంటు పోతే? గాలి ఒత్తిడిని పసిగట్టే స్విచ్ బర్నరును వెలగనివ్వదు. స్నానం ఆగుతుంది, ప్రాణం నిలుస్తుంది. ఆ స్విచ్‌ను తప్పించి ‘డైరెక్టు’ ఇస్తానన్న మెకానిక్‌ను గుమ్మం దాటనివ్వకండి. వంటింటి ఫ్యానును దీనికి తగిలించడమూ అంతే ప్రమాదం. గీజరు తయారీదారు అనుమతించిన పరికరమే వాడాలి.

గొట్టం మూతి ఎక్కడ ఉండాలన్నది అసలు తగువు. అమెరికా గ్యాస్ నియమావళి ప్రకారం తెరుచుకునే కిటికీకి పక్కన, కిందా 4 అడుగులు, పైనైతే 1 అడుగు ఎడం ఉండాలి. పాతబస్తీ సందుల్లో ఎదురింటి కిటికీనీ లెక్కలోకి తీసుకోవాలి మరి.

శ్లాబు ఇంకా పోయకపోతే నిలువు గొట్టానికే నా ఓటు. కట్టేసిన ఇంటికి పక్క గోడే.