ఎనిమిది బిట్ల టీవీ వీడియోగేమ్: ఏళ్ళ తరబడి ఆడాక ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు

తొంభైల చివర కొన్నప్పటి నుంచి మా ఇంట్లో ఉన్న టీవీ వీడియోగేమ్ పెట్టె గురించి, దానితో ఆడిన ఆటల గురించి ఈ సమీక్ష. పెట్టె మీద అచ్చయిన కంపెనీ పేరుకు పెద్ద ప్రాధాన్యం లేదు. ఆ రోజుల్లో కోఠి గుజరాతీ గల్లీలో గానీ, విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ దొరికిన ఇలాంటి పెట్టెలు, రంగు ఏదైనా, ఆకారం ఏదైనా, నింటెండో సంస్థ 1983 జూలైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రానికి నకళ్ళే. అసలు యంత్రాన్ని కంటితో చూడకుండానే దాని ఆటలు కంఠతా వచ్చిన తరం మాది. ఆ ఆటల గురించి మాట్లాడేటప్పుడు మా వయసువాళ్ళం అన్నింటినీ ఒకే గాటన కట్టి "ఆ రోజులే వేరు" అనేస్తాం. నేను వాటిని ఇప్పటికీ ఆడుతున్నాను కాబట్టి, వాటిలో నిజంగా మంచి ఆటలు ఏవో, మన బాల్యం వల్ల మంచివిగా కనిపించినవి ఏవో వేరు చేసి చెప్పదలిచాను. ఈ పనిలో నాకు మా చెల్లెలి పిల్లలు సాయపడ్డారు. వాళ్ళకు ఈ పెట్టెతో జ్ఞాపకాలేమీ లేవు కనుక, వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగిన ఆటను మంచి ఆటగానే లెక్క వేశాను.

ముందు యంత్రం సంగతి. లోపలి ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు, తెర మీద బొమ్మ 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. ఒకే అడ్డగీత మీద ఎనిమిదికి మించి కదిలే బొమ్మ ముక్కలను అది చూపలేదు. కాంట్రా అనే తుపాకుల ఆటలో తూటాలు ఎక్కువైనప్పుడు మనుషులు మిణుకుమిణుకుమనేది ఇందుకే తప్ప, మేము అప్పట్లో అనుకున్నట్టు టీవీ కేబుల్ వదులైనందుకు కాదు. గేమ్ ఆడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు బెదిరించేవారు. కదలని బొమ్మ చాలా ఎక్కువ సేపు అలాగే ఉంటే పాత తెర మీద మచ్చ పడే మాట నిజమే గానీ, ఆ పేరుతో వార్తల సమయానికి టీవీ ఖాళీ చేయించడమే వాళ్ళ అసలు ఉద్దేశమని నా అనుమానం.

క్యాసెట్ అని మనమందరం పిలిచే ఆ ప్లాస్టిక్ పెట్టెను విప్పి చూస్తే చిన్న ఆకుపచ్చ బోర్డు, దాని మీద లక్క ముద్ర వేసినట్టు ఒక నల్లటి బొట్టు, అంచున 60 రాగి పట్టీలు కనిపిస్తాయి. ఆట అంతా ఆ బొట్టు కిందే ఉంటుంది. ఫ్యామికామ్‌ను అమెరికాలో అమ్మిన రూపంలో నకిలీ క్యాసెట్లను అడ్డుకునే తాళం చిప్పును పెట్టారు. జపాన్ పెట్టెలో అది లేదు. మన దగ్గరకు వచ్చిన నకళ్ళు జపాన్ నమూనావి కావడంతో ఎవరు చేసిన క్యాసెట్ అయినా అందులో ఆడేది. "9999999 ఇన్ 1" అని ముద్రించిన క్యాసెట్‌లో నిజమైన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. మిగిలిన వరుసలన్నీ అవే ఆటలు వేరే స్టేజీ నుంచో, ఎక్కువ లైఫ్‌లతోనో మొదలయ్యే రకాలు. ఇది మోసమే, అయినా పిల్లవాడికి కాంట్రా చివరి స్టేజీని నేరుగా చూపించిన మోసం కూడా ఇదే. బొమ్మ రాకపోతే క్యాసెట్‌లో ఊదడం మనందరి వైద్యం. నోటి తేమకు పట్టీలు నల్లబడతాయి కాబట్టి అది పనికిరాదు. పెన్సిల్ రబ్బరుతో పట్టీలను నిలువుగా మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడిస్తే నా పాత క్యాసెట్లు ఇప్పటికీ మొదటిసారికే పలుకుతున్నాయి.

నా దృష్టిలో ఈ పెట్టెకు దొరికిన ఆటల్లో అన్నిటికంటే గట్టిది ట్యాంకుల ఆట, అంటే నామ్కో సంస్థ 1985లో విడుదల చేసిన బ్యాటిల్ సిటీ. తెర అడుగున మధ్యలో ఇటుకగోడ చాటున ఒక గద్ద ఉంటుంది, దాన్ని కాపాడుతూ ఒక్కో స్టేజీలో ఇరవై శత్రు ట్యాంకులను కూల్చాలి, అంతే కథ. నీరు ట్యాంకును ఆపుతుంది గానీ తూటాను ఆపదు, చెట్లు అందరినీ దాస్తాయి, మంచు మీద ట్యాంకు జారుతుంది. నక్షత్రం ఒకటి తింటే తూటా వేగం పెరుగుతుంది, రెండో దానితో ఒకేసారి రెండు తూటాలు వదలవచ్చు, మూడో దానితో ఇనుప గోడ కూడా పగులుతుంది. ఇన్ని నియమాలూ ఎవరూ చెప్పకుండానే మొదటి పది నిమిషాల్లో ఆటే నేర్పుతుంది. పార గుర్తు తీసుకుంటే గద్ద చుట్టూ ఉన్న ఇటుకలు కాసేపు ఇనుముగా మారి, గడువు తీరాక కొత్త ఇటుకగోడగా నిలుస్తాయి. కనుక గోడ దాదాపు కూలిపోయే వరకు పారను తీసుకోకుండా ఆగడం అలవాటు పడిన ఆటగాడి లక్షణం.

ఈ ఆట గొప్పదనం ఇద్దరు ఆడేటప్పుడు బయటపడుతుంది. జతగాడి తూటా తగిలితే మన ట్యాంకు చావదు, కాసేపు కదలలేక నిలిచిపోతుంది. మన తూటా మన గద్దను కూడా చంపగలదు. ఈ రెండు నియమాల వల్ల సహకారం, అలక, ప్రతీకారం అన్నీ ఒకే స్టేజీలో జరిగిపోతాయి. మా తమ్ముడు నక్షత్రం కోసం నన్ను గోడ పక్కన ఆపేసి వెళ్ళే పద్ధతినే మా మేనకోడలు ఎవరూ నేర్పకుండా తన అన్న మీద ప్రయోగించింది. "మామయ్యా, చెల్లి కావాలనే కొడుతోంది చూడు" అనే ఫిర్యాదు ఆ వెంటనే వచ్చింది. స్టేజీలు 35 దాటాక ఆట మళ్ళీ మొదటికి వస్తుంది గనుక ముగింపు అనేది లేదు, ఆ లోటు ఎవరికీ తెలియదు. స్టేజీని మనమే కట్టుకునే కన్‌స్ట్రక్షన్ ఏర్పాటు కూడా ఉంది. దానితో పిల్లలు ఒక మధ్యాహ్నమంతా గడిపారు.

రెండో స్థానం సూపర్ మారియోది. 1985 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. అందులో మేఘాలకూ పొదలకూ ఒకే బొమ్మను రంగు మార్చి వాడుకున్నారు. దీని బలమంతా గెంతులో ఉంది: బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు, పరుగు మీద ఉంటే ఇంకా ఎక్కువ, గాలిలో ఉండగానే కొంత వెనక్కి తిప్పుకునే వీలు. ఆ పట్టు చేతికి వచ్చాక మరే పాత ఆటలోనూ మనిషి అంత మాట వినడని అనిపిస్తుంది. 3-1 (అంటే మూడో ప్రపంచం మొదటి స్టేజీ) చివర మెట్ల మీద తాబేలును తొక్కుతూ లైఫ్‌లు పెంచుకునే కిటుకు అందరికీ తెలుసు. అయితే 127 దాటి పెంచితే లెక్క తిరగబడి, తర్వాత ఒక్కసారి చచ్చినా ఆట ముగుస్తుందన్నది చాలామంది ఏడ్చి తెలుసుకున్నదే. దీనికి ఆటను దాచుకునే వీలు లేదు. 8-4లో సరైన దారి వెతుక్కుంటూ ఉండగా కరెంటు కోత వచ్చిన వేసవులు నేను మరచిపోలేదు. గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర మీద 'A' బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఆగిన ప్రపంచం మొదటి నుంచే ఆడవచ్చు, కరెంటు పోతే మాత్రం అదీ పనిచేయదు.

కాంట్రా విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. కొనామి సంస్థ 1988లో ఇంటి యంత్రాలకు తెచ్చిన ఈ ఆటను ఇద్దరు పక్కపక్కన కూర్చుని మొదటిసారి ముగించిన ఆనందానికి సాటి లేదు. తూటాలను విసనకర్రలా వెదజల్లే ఎస్ అక్షరం తుపాకీ దొరికితే అదే లోకం. కానీ ఉన్నవి ఎనిమిది స్టేజీలు, శత్రువులు చాలావరకు తెలిసిన చోట్లే ఎదురవుతారు. దారి కంఠస్థమయ్యాక అరగంట కూడా పట్టదు. మూడో స్టేజీలో జలపాతం ఎక్కేటప్పుడు ముందు గెంతినవాడి వల్ల తెర పైకి జరిగి కిందివాడు చచ్చిపోవడం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది, ఆ నవ్వు కోసమే నేను దాన్ని పెడుతుంటాను. పిల్లలు రెండుసార్లు ముగించి పక్కన పెట్టారు. రోడ్ ఫైటర్ పెట్రోలు అయిపోయేంతసేపు బాగుంటుంది. సింహం మీద కూర్చుని నిప్పు వలయాలు దూకే సర్కస్ ఆట సంగీతం ఒక్కటే మిగిలింది.

బాతుల వేట గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది చెడిపోలేదు, ఆడేందుకు తగిన తెర లేకుండా పోయింది. దాన్ని ఆడే బొమ్మ తుపాకీ దేనినీ బయటకు వదలదు, తెర మీది వెలుగును లోపలికి తీసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చదరం మెరుస్తుంది. గొట్టంలోని కన్ను ఆ తెలుపును చూస్తే దెబ్బ తగిలినట్టు. గాజు పిక్చర్ ట్యూబ్ టీవీలో ఇది ఆ క్షణంలోనే జరిగిపోతుంది. ఇప్పటి పలుచటి టీవీలు బొమ్మను సరిదిద్దుకుని ఆలస్యంగా చూపిస్తాయి కనుక, ఎంత దగ్గర నుంచి గురిపెట్టినా బాతు ఎగిరిపోతుంది, ఆటలోని కుక్క నవ్వుతుంది. మా పాత టీవీని అమ్మకుండా అటక మీద ఉంచడానికి ఇదొక్కటే కారణం. రెండో ఆటగాడి చేతి రిమోట్‌తో బాతును అటూ ఇటూ తిప్పవచ్చన్న సంగతి తెలియనివారు, ఒకే బాతు వచ్చే రకంలో ఒకసారి ప్రయత్నించండి.

ఇప్పుడు బజారులో దొరికే కొత్త నకళ్ళలో ఒకదాన్ని కూడా కొని వాడాను. పాతదానితో పోలిస్తే రిమోట్ తేలిక, లోపలి రబ్బరు కొద్ది నెలలకే మెత్తబడి ఎడమ బాణం రెండుసార్లు నొక్కితే గాని పలకడం లేదు. శబ్దంలోనూ తేడా ఉంది. మారియో పాట అదే అయినా ముక్కుతో పాడినట్టు వినిపిస్తుంది, చౌక చిప్పుల్లో స్వరాల ఆకృతి మారిపోవడం దీనికి కారణం. క్యాసెట్ పెట్టే చోటు లేకుండా ఆటలు లోపలే నింపిన రకాలను నేను సిఫారసు చేయను, మన పాత క్యాసెట్లు వాటికి పనికిరావు. కొనేవారు 60 పిన్నుల స్లాట్ ఉందో లేదో చూసుకోవాలి, రెండు రిమోట్లలోనూ అన్ని బటన్లూ దుకాణంలోనే నొక్కి చూడాలి, ఇంటికి వచ్చాక టీవీ సెట్టింగుల్లో బొమ్మ కొలతను 4:3కు, పిక్చర్ మోడ్‌ను గేమ్‌కు మార్చుకోవాలి. ఈ రెండో మార్పు చేయకపోతే బటన్ నొక్కిన తర్వాత మారియో గెంతడానికి పట్టే ఆలస్యం చేతికి స్పష్టంగా తెలుస్తుంది, 8-1లో గోతులన్నీ ప్రాణాంతకమవుతాయి.