ఆవిడ ఫోన్ 120లో, నా ఫోన్ 60లో: మూడేళ్ళ వాడకం తర్వాత

2022 దసరా ఆఫర్లో ఒకే మోడల్ ఫోన్లు రెండు కొన్నాం. ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకి. 6.67 అంగుళాల అమోలెడ్ స్క్రీన్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 120 హెర్ట్జ్ రిఫ్రెష్ రేట్, అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు 120 సార్లు మారగలదు. ఫోన్ పేరు చెప్పడం లేదు. ఆ ధరలో అప్పుడు దొరికిన ఫోన్లలో చాలావాటికి సరుకు దాదాపు ఇదే.

కొన్న వారానికే ఆఫీసులో ఒకాయన చెప్పాడు, "120 పెడితే బ్యాటరీ తాగేస్తుంది, 60లో పెట్టుకో" అని. సరేనని పెట్టుకున్నాను. ఆవిడ అసలు సెట్టింగ్స్ జోలికే పోలేదు, ఆమె ఫోన్ వచ్చిన రోజు నుంచీ 120లోనే ఉంది. సాయంత్రం ఏడింటికి నేను ఇల్లు చేరేసరికి నా ఫోన్లో పది, పన్నెండు శాతం. ఆవిడ ఫోన్లో యాభై. ఒకరోజు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, "ఆ అరవై పెట్టుకుని మీరు మిగిల్చింది ఏంటండీ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఈ మూడేళ్ళలో ఆ సమాధానమే వెతుక్కున్నాను.

విజయవాడలో ఒక మందుల ఏజెన్సీకి ఆర్డర్లు తెచ్చే పని నాది. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, బందరు, వారానికోసారి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ. అంతా బండి మీదే. ఫోన్లో రోజంతా వాట్సాప్ ఆర్డర్లు, స్టాకు లిస్టు, యూపీఐ, కాల్స్. టీ కొట్టు దగ్గర ఆగితే కాసేపు రీల్స్, అబద్ధం ఎందుకు.

ముందు 120 వల్ల నాకు ఒరిగిందేమిటో చెప్తాను. మా స్టాకు లిస్టు చాలా పొడుగు. షాపతను కౌంటర్ అవతల నిలబడి "అజిత్రోమైసిన్ ఉందా" అంటే లిస్టు తోసుకుంటూ వెళ్ళాలి. 60లో లిస్టు కదులుతున్నంతసేపూ అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి, ఆగాకే చదవగలం. దాంతో దాటిపోవడం, మళ్ళీ వెనక్కి రావడం. 120లో లిస్టు కదులుతుండగానే 250 ఎంజీ ఏదో, 500 ఎంజీ ఏదో కంటికి చిక్కుతుంది. మరీ వేగంగా తోస్తే కుదరదు గానీ, మామూలుగా తోస్తే తేడా స్పష్టం. దుకాణంలో ఫోన్ చేతికిచ్చి "చూడండి సార్, ఎంత స్మూత్‌గా ఉందో" అంటారే, ఆ ముచ్చట మూడు రోజుల్లో తీరిపోతుంది. నాకు మిగిలింది ఈ చదవగలగడమే.

ఇక ఖర్చు. 60 హెర్ట్జ్ అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారగలదు, ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. 120లో 8.3 మిల్లీసెకన్లే. లిస్టు తోసేటప్పుడు ఆ 8.3 మిల్లీసెకన్లలోనే చిప్ తర్వాతి బొమ్మ గీసి ఇవ్వాలి. కాబట్టి వేలు కదులుతున్నంతసేపూ దానికి గీత పని దాదాపు రెట్టింపు. వేలు తీసి చదువుకుంటూ కూర్చుంటే మాత్రం కథ మారిపోతుంది. స్క్రీన్ వెనక ఉండే డ్రైవర్ చిప్‌కి సొంత మెమరీ ఉంటుంది. బొమ్మ మారనప్పుడు అది తన దగ్గరున్న దాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది, అసలు ప్రాసెసర్ కునుకు తీయొచ్చు. హెర్ట్జ్ రెట్టింపైతే ఖర్చూ రెట్టింపు అని మా ఆఫీసాయన వేసిన లెక్క ఇక్కడే తప్పింది.

నమ్మకం కుదరక నేనూ ఆవిడా సెట్టింగులు మార్చుకున్నాం. రెండు వారాలు నేను ఆటో 120లో (అవసరాన్ని బట్టి ఫోనే 120కీ 60కీ మారుతుంటుంది), ఆవిడ 60లో. రోజూ ఏడింటికి ఇద్దరి శాతాలూ వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాశాను. నా ఫోన్ 60లో సగటున 12 దగ్గర ఉండేది, 120లో 7కి దిగింది. ఆవిడది 51 నుంచి 54కి ఎక్కింది. అంటే నాకు ఐదు, ఆవిడకి మూడు. ఇద్దరి మధ్య ఉన్న దాదాపు నలభై శాతం తేడాకీ హెర్ట్జ్‌కీ సంబంధమే లేదన్నమాట.

మరి ఆ నలభై ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం ఎండకి. మే నెల మధ్యాహ్నం పామర్రు సెంటర్లో ఫోన్ తీస్తే స్క్రీన్ తనంతట తనే ఫుల్ బ్రైట్‌నెస్‌కి పోతుంది. పోకపోతే ఏమీ కనిపించదు. అమోలెడ్‌లో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, తెల్లటి పేజీ అంటే అన్ని చుక్కలూ వెలగాల్సిందే. మా స్టాకు లిస్టు పాల తెలుపు. 2021లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు డార్క్ మోడ్ (నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి అక్షరాలు) మీద కొలిచిన లెక్కలు చూశాక నాకిది అర్థమైంది. 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్‌లో డార్క్ మోడ్ వల్ల మిగిలేది సగటున 3 నుంచి 9 శాతమే, ఫుల్ బ్రైట్‌నెస్‌లో అయితే 39 నుంచి 47 శాతం. ఆవిడ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వాడుతుంది, ఆమెకి డార్క్ మోడ్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఎండలో తిరిగే నాకు అదే ప్రాణం. లిస్టుని నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌లోకి మార్చుకున్న వారంలోనే నా సాయంత్రం అంకె ఇరవై దాటింది. అన్నాళ్ళూ 60 పెట్టుకుని నేను కూడబెట్టిన దానికంటే అది ఎక్కువ.

రెండోది సిగ్నల్. చల్లపల్లి దాటి దివిసీమలోకి వెళ్ళాక కొన్ని చోట్ల టవర్ సరిగ్గా అందదు, దాన్ని అందుకోవడానికి ఫోన్ గొంతు పెంచి అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపుకీ బ్యాటరీయే ఖర్చు. జేబులో ఉన్న ఫోన్ వెచ్చబడితే స్క్రీన్‌ని ఏం తప్పు పడతాం? ఆవిడది రోజంతా వైఫై.

ఆటో మోడ్ ఎలా నడుస్తుందో కళ్ళారా చూడాలంటే ఒక దారి ఉంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో రిఫ్రెష్ రేట్ చూపించే మీట ఆన్ చేస్తే స్క్రీన్ మూలన ఒక అంకె వస్తుంది. నేను ఒక నెల అలాగే ఉంచుకున్నాను. వేలు పెట్టగానే 120, తీసిన రెండు మూడు సెకన్లకి 60. వీడియో మొదలైతే 60. అంటే ఆవిడ 120లో సీరియల్ చూస్తోందని నేను అనుకున్నవన్నీ నిజానికి 60లోనే నడిచాయి. మ్యాప్స్ కూడా నా ఫోన్లో 60 దాటలేదు.

ఆ అంకె వల్లే రెండు దొంగలు దొరికాయి. ఒకటి, ఒక వార్తల యాప్. పేజీ అడుగున కదిలే ప్రకటన ఉన్నంతసేపూ, నేను చెయ్యి పెట్టకపోయినా, మూలన 120 అలాగే నిలబడి ఉండేది. ఆ యాప్‌ని అవతల పారేశాను. రెండోది రాత్రిపూట లైటు తీసేసి బ్రైట్‌నెస్ బాగా తగ్గించి చదువుకునేటప్పుడు. అప్పుడు అంకె 60కి దిగనే దిగదు. మొదట ఫోన్ చెడిందనుకుని కాస్త టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, తక్కువ వెలుతురులో ఒక రేటు నుంచి ఇంకోదానికి మారితే రంగు కొంచెం తేడా కొట్టి, కంటికి మినుకుమన్నట్టు కనిపిస్తుంది. అందుకని కంపెనీలు ఆ చోట మార్పు లేకుండా ఏదో ఒక రేటు దగ్గర కట్టేస్తాయి. 2019లో గూగుల్ పిక్సెల్ 4 వచ్చినప్పుడు దీనికి తిరగేసిన కథ జరిగింది. దానిది 90 హెర్ట్జ్ స్క్రీన్, కానీ బ్రైట్‌నెస్ 75 శాతం లోపు ఉంటే 60కి పడిపోతోందని కొన్నవాళ్ళే కనిపెట్టారు. నా ఫోన్ పైన కట్టేసింది, అది కింద కట్టేసింది.

అసలు నా స్క్రీన్ 60 కంటే కిందికి ఎందుకు దిగదు? చేతిలో ఫోన్ కదలకుండా ఉంటే సెకనుకు ఒకసారి చాలు కదా అనిపిస్తుంది. ఒక్కో చుక్క వెనకా వెలుగు ఎంతో గుర్తుపెట్టుకునే చిన్న విద్యుత్ నిల్వ ఉంటుంది. మామూలు అమోలెడ్‌లో దానికి కాపలా ఉండే ట్రాన్సిస్టర్ కొద్దికొద్దిగా కారుతుంది. చిల్లు కుండ లాంటిది, మాటిమాటికీ నింపుతుండాలి. ఎల్‌టీపీఓ అనే ఖరీదైన స్క్రీన్లలో ఆ చోట కారని ఆక్సైడ్ ట్రాన్సిస్టర్ వాడతారు, అందుకే అవి 10కీ, 1కీ కూడా దిగగలవు. 2021లో ఐఫోన్ 13 ప్రో 10 దాకా దిగింది, మరుసటి ఏడాది 14 ప్రో 1 దాకా. కొత్త ఫోన్ కొనేటప్పుడు ఇప్పుడు నేను అడిగేది ఎంత పైకి ఎక్కుతుందని కాదు, ఎంత కిందికి దిగుతుందని. 144 అని గొప్పగా రాసి ఉన్నా నాకు పట్టదు. పోస్టర్ మీద 240 అనో 360 అనో కనిపిస్తే అది చాలాసార్లు టచ్ శాంప్లింగ్ రేటు, అంటే వేలిని సెకనుకు ఎన్నిసార్లు గమనిస్తుందో ఆ లెక్క. బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న దానితో పని లేదు. ఈ రెంటినీ కలిపి చెప్పే సేల్స్ కుర్రాళ్ళను చాలామందినే చూశాను.

రెండున్నరేళ్ళు దాటాక లెక్క మళ్ళీ తిరగబడింది. ఎండలో మాడి, బండి మీద ఛార్జింగ్ పెట్టి పెట్టి నా బ్యాటరీ నీరసపడింది. మధ్యాహ్నం మూడింటికే ఎరుపు. అప్పుడు ఆ ఐదు శాతం కూడా విలువైనదే అయింది, ఎందుకంటే అవనిగడ్డ నుంచి తిరుగు ప్రయాణంలో చివరి షాపు డబ్బులు యూపీఐలో పడ్డాయో లేదో చూసుకోవాలంటే ఫోన్ బతికి ఉండాలి. మళ్ళీ 60కి వచ్చాను. మొదటి రెండు రోజులు లిస్టు ఈడుస్తున్నట్టు అనిపించింది, మూడోరోజుకి అలవాటైపోయింది. 250కీ 500కీ మధ్య తడుముకోవడం మాత్రం మళ్ళీ మొదలైంది.

2025 వేసవిలో సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్పించాను. ఆ వారం నుంచి ఆటో 120లో పెట్టినా పాత బ్యాటరీ 60లో ఇచ్చిన దానికంటే మూడు గంటలు ఎక్కువ నిలబడుతోంది. ఇప్పుడు ఆటోలోనే ఉంచాను. 30 శాతానికి బ్యాటరీ సేవర్ తనంతట తనే వచ్చేలా పెట్టాను, అది రాగానే నా ఫోన్ 60కి దిగిపోతుంది. అవనిగడ్డ వెళ్ళే రోజు మాత్రం పొద్దున్నే చేత్తో 60 పెడతాను. అవసరం లేదని తెలుసు, అయినా పెడతాను.

మొన్న ఆవిడ తన ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. "నాది కూడా సాయంత్రానికి అయిపోతోందండీ, ఆ అరవై ఏదో దీనికీ పెట్టండి" అంది. పెట్టలేదు. మర్నాడు తీసుకెళ్ళి బ్యాటరీ మార్పించుకొచ్చాను.