సివిక్‌తో తొమ్మిదేళ్లు, పక్కనే సెడియా

2016 మార్చిలో నా ముందు రెండు పాత కార్లు ఉన్నాయి. ఒకటి 2009 నాటి హోండా సివిక్ 1.8 వి, మాన్యువల్ గేర్లది. 58 వేల కిలోమీటర్లు తిరిగింది, బేరం 4.25 లక్షల దగ్గర ఆగింది. రెండోది 2008 నాటి మిత్సుబిషి సెడియా. 71 వేలు తిరిగింది, 2.75 లక్షలకు ఇస్తామన్నారు. మొదటిది హైదరాబాదులో ఒక విశ్రాంత ఉద్యోగిది, రెండోది హన్మకొండలోనే ఒక డాక్టరుగారిది. నేను సివిక్ తీసుకున్నాను. వారం తిరగకముందే ఆ సెడియాను మా బావమరిది కొనేశాడు. అందువల్ల ఈ తొమ్మిదేళ్లలో రెండు బండ్లనూ మార్చి మార్చి నడిపే అవకాశం, రెండింటి ఖర్చులూ దగ్గరినుంచి చూసే అవకాశం నాకు దక్కాయి. నా సివిక్ ఇప్పుడు 1,71,000 దాటింది.

మొదట నడిపింది సెడియాను. ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దాకా వెళ్లి వచ్చాము. ఎదురుగా వచ్చే లారీకి దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలను తారు దించి మట్టిలోకి వదిలి, మళ్లీ పైకి ఎక్కించేటప్పుడు చాలా బండ్లు ఒక్క కుదుపుతో పక్కకు గుంజుతాయి. సెడియా గుంజలేదు. స్టీరింగు చేతిలో కాస్త బరువుగా నిలిచి, చక్రం కింద గులకరాయి ఉందో గుంత ఉందో అరచేతికి తెలిసేలా చేసింది. వెనుక చక్రాలకు విడివిడిగా పనిచేసే మల్టీలింక్ సస్పెన్షన్, ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ కలిసి ఇచ్చే నిబ్బరం అది. ర్యాలీల్లో పేరు మోసిన మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 7, 8, 9 రకాలకు ఈ సెడియాయే ఆధారమనీ, మన జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఎమ్మారెఫ్ జట్టు ఏళ్లపాటు సెడియాలతో పోటీ చేసిందనీ అప్పటికే చదివి ఉన్నాను గానీ, ఆ మాటల్లోని అసలు సంగతి ఆత్మకూరు రోడ్డు మీదనే ఒంటికి తెలిసింది.

సివిక్‌ను ఆ తరువాతి ఆదివారం ఉప్పల్ నుంచి భువనగిరి దాకా నడిపాను. కూర్చోగానే తేడా తెలుస్తుంది. సీటు బాగా కిందికి ఉంటుంది, డ్యాష్‌బోర్డు రెండు అంతస్తులుగా ఉంటుంది, పై అంతస్తులో వేగం అంకెల్లో కనిపిస్తుంది. రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే వేగం చదువుకోవచ్చు. కాగితం మీద సివిక్ 1.8 లీటర్ల ఇంజిన్‌కు సుమారు 130 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్ల టార్క్. సెడియా 2 లీటర్ల ఇంజిన్‌కు సుమారు 115, 175. నడపడంలో మాత్రం ఈ అంకెలు చెప్పేదానికంటే తేడా ఎక్కువ. సెడియా మూడో గేరులో మెల్లగా పోతున్నా గొణగకుండా అందుకుంటుంది. సివిక్‌కు ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు దాటిన తరువాతే అసలు ఊపు వస్తుంది. వీటెక్ (వాల్వులు తెరుచుకుని మూసుకునే తీరును మార్చే హోండా ఏర్పాటు) అనగానే పాత హోండా సిటీ వీటెక్ నడిపినవాళ్లు మధ్యలో ఒక తన్ను కోసం ఎదురుచూస్తారు. అది ఇందులో లేదు. ఈ ఇంజిన్‌లో ఆ ఏర్పాటును పొదుపు కోసం పెట్టారు. తేలికగా తొక్కుతున్నప్పుడు ఇన్‌టేక్ వాల్వులను కొంచెం ఆలస్యంగా మూసి పెట్రోలు మిగులుస్తుంది. ఇది తెలియక మొదటి నెలంతా నా బండిలో ఏదో లోపం ఉందనే అనుకున్నాను.

రెండు బండ్లనూ ఆటోనగర్‌లో ఒకే మెకానిక్‌కు చూపించాను. తెల్లవారుజామున, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్టు చేసి విన్నాడు. బానెట్ బోల్టుల మీద పానా పడిన గుర్తులు వెతికాడు, ఆయిల్ మూత తిప్పి లోపల వేలు పెట్టి చూశాడు, డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంతలో ఒండ్రు ఉందేమో గోకి చూశాడు. రెండూ పరీక్షకు నిలిచాయి. ఏది తీసుకోమంటావని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "సార్, నడ్పుడుకైతే సెడియానే. గని రేపు దీని సామాను గావాల్నంటే మీరు చెన్నై దాక ఫోన్లు కొట్టాలె. హోండాదైతే పొద్దున చెప్తె మాపటికి తెప్పిస్త." హిందుస్థాన్ మోటార్స్ వారు సెడియాను చెన్నై దగ్గరి తిరువళ్లూరులో తయారు చేసేవారు, అమ్ముడైన బండ్లే తక్కువ. ఇంట్లో రెండో కారు లేని మనిషిని నేను. సివిక్ తీసుకోవడానికి కారణం అదొక్కటే, మనసు మాత్రం సెడియా మీదనే ఉంది. భద్రకాళి గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించేటప్పుడు కూడా పక్కన ఆగిన బండ్లలో సెడియా ఉందేమోనని చూశాను.

ఇక సివిక్‌తో రోజూ పడిన పాట్లలో మొదటిది స్పీడ్ బ్రేకర్లు. దాని ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2,700 మిల్లీమీటర్లు, సెడియాది 2,600. పొడుగు ఎక్కువ, ఎత్తు తక్కువ కావడంతో ముందు చక్రాలు దిగిన తరువాత నడుమే పోయి దిబ్బకు తాకుతుంది. పరకాల దారిలో ఊరికి రెండు మూడు చొప్పున, కొన్నిచోట్ల ఊరివాళ్లే సిమెంటుతో పోసుకున్నవి ఉండేవి. నేను ఒక్కణ్నే ఉంటే గండం లేదు. నలుగురం కూర్చుంటే మాత్రం బండిని దాదాపు ఆపి, ఏటవాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నే ఎక్కించి దించాలి, వెనుక సీటులోని మా అమ్మ ఊపిరి బిగబట్టి "తాకిందా బిడ్డా?" అని అడిగేది. కొన్న ఏడాదే చాంబర్‌కు, అంటే ఇంజిన్ కింది ఆయిలు తొట్టికి, ఒకసారి గట్టి దెబ్బ తగిలింది, అదృష్టవశాత్తు సొట్టతో పోయింది. తరువాత 195/65 టైర్ల స్థానంలో 205/65 వేయించాను. బండి ఆరేడు మిల్లీమీటర్లే లేచింది గానీ, ఆ కాస్తకే సగం గీతలు తగ్గాయి. టైరు పెద్దదైనందువల్ల మీటరు చూపే వేగం అసలు వేగం కంటే సుమారు 2 శాతం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. వెనుక స్ప్రింగుల మధ్య రబ్బరు బుడిపెలు పెట్టించుకోమని చాలామంది చెప్పారు. పెట్టించి, నెల రోజులు నడుము నొప్పి భరించి, తీయించేశాను.

2020 ఫిబ్రవరిలో మేడారం జాతరకు రెండు బండ్లలో పోయాము. పస్రా దాటిన తరువాత దుమ్ములో, గుంతల్లో సెడియా ముందు పోతుంటే నేను దాని చక్రాల జాడ చూసుకుంటూ నత్తలా వెనుక నడిచాను. ఆ రోజు మా బావమరిది అన్న మాట ఇప్పటికీ ఇంట్లో చెల్లుతున్నది: "బావా, నీ బండి హైదరాబాదుకు, నాది ఊర్లకు." అందులో అబద్ధం లేదు. భువనగిరి నుంచి జనగామ దాకా నాలుగు వరుసల రోడ్డు మీద సివిక్ నేలకు అతుక్కుని పోతుంది, లోపల మాట వినిపిస్తుంది, దిగేటప్పుడు అలసట ఉండదు. మైలేజీ కూడా దానికే అనుకూలం: హైవే మీద నాకు 14, ఊళ్లో 9 నుంచి 10 వస్తుంటే, సెడియాకు 11, 8 మించి ఎప్పుడూ రాలేదు.

ఖర్చుల సంగతి. సివిక్ ఇంజిన్ లోపలి భాగాలకు ఇంతవరకు పానా పెట్టలేదు. టైమింగ్‌కు (వాల్వులను సమయానికి కదిలించే పనికి) గొలుసు ఉంది కాబట్టి బెల్టు మార్చే పనే లేదు. ఆయిలు, ఫిల్టర్లు, ఒకసారి క్లచ్ సెట్టు, రెండు బ్యాటరీలు. డబ్బు పోయిందంతా కింద, సస్పెన్షన్ మీదనే: ముందు లోయర్ ఆర్ముల బుష్షులు రెండుసార్లు, లింకు రాడ్లు మూడుసార్లు, షాకబ్జార్లు నాలుగూ ఒకసారి. ఇది మన రోడ్లూ నేనూ కలిసి చేసిన పని. కానీ ఏ పనికీ బండి మూడు రోజులకు మించి ఆగలేదు.

సెడియా అలా కాదు. దానికి రబ్బరు టైమింగ్ బెల్టు. కొన్నప్పుడే పాతది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియక మార్పించాల్సి వచ్చింది, అది తెలివైన పనే. 2021లో స్టీరింగ్ ర్యాక్ ఆయిలు కారడం మొదలుపెట్టింది. సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో కొత్తది దొరకలేదు. చివరకు చెన్నై పుదుపేట పాత సామాను బజారులో ఒకటి ఉందని తెలిసి, ఫొటోలు తెప్పించుకుని, డబ్బు పంపి, అది పార్శిల్‌లో వచ్చేసరికి బండి 47 రోజులు షెడ్డులో దుమ్ము పట్టింది. ఆ 47 రోజులూ మా బావమరిది నా సివిక్ తాళాలు అడుగుతూనే ఉన్నాడు. ర్యాక్ బిగించి బయటికి తెచ్చిన రోజు మాత్రం నాకు ఫోను చేసి, పది నిమిషాలు స్టీరింగు గురించే మాట్లాడాడు.

2023 జూలై 27 నాటి వరదలో హంటర్ రోడ్డు పక్కన మా గల్లీలోకి నీళ్లు వచ్చాయి. తెల్లవారి చూస్తే సివిక్ తలుపుల కింది అంచు దాటి, సీట్ల కాళ్ల దాకా ఉన్నాయి. స్టార్టు చేయకుండా, బ్యాటరీ వైరు పీకి, ట్రాక్టరుతో లాగించాము. ఇంజిన్ బతికింది ఆ ఒక్క జాగ్రత్త వల్లనే. కార్పెట్లు పీకి పది రోజులు ఎండబెట్టినా, సీటు కింద కనెక్టర్లలో చిలుము పట్టి, దీపాలు ఆరు నెలల పాటు తమ ఇష్టం వచ్చినట్టు వెలిగాయి. వరంగల్‌లో పాత కారు కొనేవాళ్లు ఇప్పుడు నా బండిలాంటివి ఎన్నో చూస్తారు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివరి అరగజం చూడండి. కారు కడిగినవాళ్లు అక్కడి దాకా కడగరు.

కాగితాల గురించి రెండు మాటలు. ఈ రెండు రకాల బండ్లకూ 15 ఏళ్లు దాటాయి లేదా దాటబోతున్నాయి. నా బండి రిజిస్ట్రేషన్‌ను 2024లో ఫారం 25తో రెన్యువల్ చేయించాను. ఫిట్‌నెస్ పరీక్ష, 5,000 రూపాయల రుసుము, గ్రీన్ ట్యాక్స్. ఆర్సీ అయిదేళ్లకు పెరిగింది. రెన్యువల్ కాని బండిని బేరమాడేటప్పుడు ఆ ఖర్చును ముందే తగ్గించుకోవాలి. బెంగళూరు, ఢిల్లీల నుంచి చవకగా వస్తున్నదని మురిసిపోతే, ఎన్వోసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తిప్పలతో పాటు ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కూడా ఉంటుంది. సివిక్ కొనేవాళ్లు దాని ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి, టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ల (బ్యాగును ఉబ్బించే భాగాల) రీకాల్ పని, అంటే కంపెనీ వెనక్కి పిలిచి మార్చే పని, అయిందో లేదో తప్పక చూసుకోవాలి. ఆ మార్పు ఉచితం. ఇక బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వస్తున్నది. ఆ కాలపు బండ్లు దానికోసం చేసినవి కావు కాబట్టి నేను పెట్రోలు గొట్టాలు కొత్తవి వేయించాను, సెడియాకూ అదే చేశాము.

రోజూ ఆధారపడే బండి ఒక్కటే ఉండేవాళ్లకు సివిక్ చెబుతాను, ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకున్న తరువాత. ఇంట్లో ఇంకో కారు ఉండి, షెడ్డులో చోటు ఉండి, సామాను కోసం వెతుకులాటలో విసుగుపడని మనిషికి మాత్రం సెడియానే చెబుతాను, ధర కూడా తక్కువే కదా. మొన్న దసరాకు దాన్ని ఆత్మకూరు దాకా మళ్లీ నడిపాను. ఆ దారి అప్పటికంటే బాగుపడింది గానీ, కావాలనే ఒకచోట ఎడమ చక్రాలు మట్టిలోకి దించి ఎక్కించాను. గుంజలేదు. మా బావమరిదికి దాన్ని అమ్మే ఆలోచన లేదట; ఎప్పుడైనా వస్తే ముందు నాకే చెప్పమన్నాను.